విచారాల మాస్టారింటికి వంజరం

భావనారాయణ మాస్టారికి ఇంగ్లీషులో ఒకటే ఇష్టం, విచారం వెలిబుచ్చడం. మిగతా భాషంతా ఆ విచారానికి ముందూ వెనకా వేసే తాటాకు పందిరని ఆయన అభిప్రాయం. శ్రీకాకుళంలో ఎవరు ఎవరి కాలు తొక్కినా, ఎవరి బస్సు తప్పిపోయినా, ఎవరి తాత పోయినా అక్కడ ఏ ఇంగ్లీషు ముక్క అనాలో ఆయనకు తెలుసు. తెలిసి ఊరుకునే మనిషైతే గొడవే లేదు. ఊరుకోడు. అదే జనం ప్రాణం మీదికొచ్చింది.

పక్కవీధి కూర్మయ్య తండ్రి పోయినప్పుడు బ్యాంకులో పనిచేసే పెద్దమనిషొకాయన వచ్చి, కూర్మయ్య చెయ్యి పట్టుకుని, "సారీ అండీ" అన్నాడు. కూర్మయ్య కళ్ళు తుడుచుకుంటూ, "మీరేటి సేసినారండీ, పాపం" అన్నాడు. అంతే, మాస్టారు అరుగు మీంచి లేచారు. ఇంగ్లీషువాడు తను చెయ్యని పనికి కూడా సారీ అంటాడనీ, చేసిన పనికి రిగ్రెట్ అంటాడనీ, ఏమీ చెయ్యదల్చుకోనప్పుడు అయామ్ అఫ్రైడ్ అంటాడనీ, వాడు భయపడుతున్నాడనుకుని మనం ధైర్యం చెప్పకూడదనీ వివరించారు. పాడె ఎత్తినవాళ్ళు భుజాలు మార్చుకుని మరీ విన్నారు. కూర్మయ్య ఏడుపు మధ్యలో ఆపి, "అయితే ఇప్పుడు నన్నేటనమంటారు మాస్టారూ?" అని అడిగాడు. థాంక్యూ అనాలన్నారు మాస్టారు. బాబు పోతే థాంక్యూ ఏటని కూర్మయ్య మళ్ళీ ఏడుపు అందుకున్నాడు.

ఆమదాలవలస స్టేషన్లో అయితే మరీను. బండి ఆలస్యానికి చింతిస్తున్నామని మైకులో వినబడగానే ఆయన తిన్నగా స్టేషన్ మాస్టరు గదికి వెళ్ళేవారు. చింతిస్తున్నది ఎవరో చెప్పమనేవారు. మైకులో ఆడగొంతు ఉందిగానీ ఆ మనిషి ఎక్కడుందో, నిజంగా చింతిస్తోందో లేదో తెలియకుండా ఆ విచారాన్ని పుచ్చుకోవడం ఎలాగని ఆయన బాధ. అది రికార్డండీ బాబూ అని స్టేషన్ మాస్టరు మొత్తుకుంటే, "అయితే మీరైనా చింతించండి, నేను పుచ్చుకుని వెళ్ళిపోతాను" అనేవారు. స్టేషన్ మాస్టరు చింతించాకే బయటికొచ్చేవారు. ఈలోగా బండి వెళ్ళిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

ఆయన భార్య ప్రసూనాంబగారు సంగీతం చెప్తారు. వాళ్ళ వంశంలో దేవుడి ముందు పాడటం తరాలుగా వస్తున్న పని. ఒక గదిలో ఆవిడ సరిగమలు, పక్కగదిలో ఈయన సారీలు. ఓసారి మాస్టారు చూసుకోకుండా ఆవిడ తంబురా మీద కూర్చుని బుర్ర పగలగొట్టి, "మై సిన్సియర్ అపాలజీస్" అన్నారు. ఆవిడ పగిలిన బుర్రను ఒళ్ళో పెట్టుకుని, తెలుగులో ఒక్క మాట అంటే మీ నోరు అరిగిపోతుందా అని అడిగింది. ఆయన ఆలోచించి, తెలుగులో సరైన మాట ఏదో తనకు తేలలేదన్నారు. ఆవిడ ఆ రోజు అన్నం పెట్టిందిగానీ మాట్లాడలేదు.

ఇలాంటి మనిషి చేతిలో పడింది దేవి.

ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లె ఆమెది. తండ్రి నూకయ్య చేపల వేటకెళ్తాడు. తల్లి అమ్మడు ఆ చేపల్ని తట్టలో పెట్టుకుని ఆటోలో శ్రీకాకుళం వచ్చి వీధుల్లో అమ్ముతుంది. నానమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల, ఒడిశాలో. ఆవిడ తిట్టాలనుకుంటే ఒడియాలోనే తిడుతుంది, తిట్టని రోజంటూ లేదు కనక దేవికి ఒడియా పుష్కలంగా వచ్చేసింది. డిగ్రీ కూడా అయింది. విశాఖపట్నంలో ఒక ఫోన్ల కంపెనీ కాల్ సెంటర్లో కూర్చోవాలని ఆమె ఆశ. రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ అక్కడివాళ్ళు సారీ అన్నారు. ఆ మాట చెవిన పడగానే తనే ఏదో పాడుచేసినట్టు తల దించుకుని, "సారీ మేడమ్" అని తిరిగి అనేసి, ఎందుకు వద్దన్నారో కూడా అడక్కుండా ఏడుస్తూ వచ్చేసింది. ఇంకొక్కసారి చూసి, రాకపోతే రొయ్యల ఫ్యాక్టరీలో చేరిపొమ్మన్నాడు నూకయ్య. ఆ గేటు లోపలికి వెళ్ళిన తన ఈడు పిల్లలు మంచుగడ్డల్లో రొయ్యలు ఒలిచి ఒలిచి, వేళ్ళు ముడుచుకుపోయి, సాయంత్రానికి కలం పట్టుకోలేకపోవడం దేవి చూసింది. ఆ భయం ఆమెను నిద్రపోనిచ్చేది కాదు.

అలాంటప్పుడు ఒకరోజు అమ్మడు ఖాళీ తట్టతో ఇంటికొచ్చి, ఫలానా వీధిలో ఇంగ్లీషు మాస్టారు సాయంత్రాలు రమ్మన్నారు, వెళ్ళమంది. చేపల తట్ట కనబడితే అవతలి పక్కకు తప్పుకునే ఇంటివాళ్ళు చేపలమ్మే మనిషిని పలకరించడమేమిటి, కూతుర్ని పంపమనడమేమిటి అని దేవికి అనుమానమొచ్చింది. అడిగితే, "రమ్మన్నారు, ఎల్లు. అన్నీ నీకెందుకే?" అంది అమ్మడు.

వెళ్ళింది. మిగతా పిల్లలందరికీ మాస్టారు సారీ చెప్పడం నేర్పేవారు. పక్కవాడి కాలు తొక్కించి ఒక సారీ, ఆలస్యంగా రప్పించి ఒక సారీ, ఉత్తుత్తి చావుకి ఒక సారీ. దేవికి మాత్రం ఏదీ లేదు. ఆమెను గది మధ్య చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తాను నిలబడి, కాదనేవారు. ఒకరోజు ఆస్పత్రి గుమాస్తా అయి డాక్టరుగారు చూడరనేవారు. ఇంకోరోజు కాలేజీ ప్రిన్సిపాల్ అయి సీటు లేదనేవారు. మర్నాడు కంపెనీ మేనేజరై, తెల్ల గడ్డం నిమురుకుంటూ, ఎంతో మర్యాదగా, "అయామ్ అఫ్రైడ్ దేవీ, అన్‌ఫార్చునేట్‌లీ" అని మొదలుపెట్టేవారు. ఆమె వెన్ను నిటారుగా పెట్టి ఆయన ముఖంలోకి చూడాలి. తల వంచితే మళ్ళీ మొదట్నుంచి కాదనేవారు. పొరపాటున సారీ అందో, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడేవారు. కడదాకా విని, "మే ఐ నో వై?" అని మాత్రం అడగాలి. దానికి ఆయన రోజుకో కారణం చెప్పేవారు.

ఈ లోకంలో తనను కాదనడానికి కంపెనీలు చాలవని, కాదనిపించుకోవడానికి ఆటో ఎక్కి మరీ ఇంత దూరం రావాలా అని దేవికి దుఃఖం వచ్చేది. తనతోపాటు చేరిన ఉష చక్కగా సారీలు నేర్చుకుని సెల్‌ఫోన్ల షాపులో చేరిపోయింది. దేవి మాత్రం ఆ కుర్చీలోనే. తన మొహం చూస్తే ఈయనకు వద్దనాలనే తప్ప ఔననాలని అనిపించదేమోననుకుంది. చివరికి ఒకనాడు ఉండబట్టలేక, ఉద్యోగం ఇస్తే ఏమనాలో ఎప్పుడు నేర్పుతారు మాస్టారూ అని అడిగింది.

"ఇచ్చేస్తే ఎవరైనా ఏదో ఒకటి అంటారమ్మా. దానికి నేనెందుకు?" అన్నారాయన. ఆ రాత్రి దేవికి అన్నం సహించలేదు.

మూడోసారి పిలుపు వచ్చింది. మాస్టారు తనూ వస్తానన్నారు. వద్దనడానికి దేవికి ధైర్యం చాల్లేదు. మండుటెండలో నల్లకోటు తొడుక్కుని పాసింజరెక్కారు. కంపెనీ గేటు దగ్గర కాపలావాణ్ణి ఇబ్బంది పెడుతున్నందుకు ఇంగ్లీషులో చాలాసేపు విచారం వెలిబుచ్చారు. ఎవరో పెద్ద ఇన్‌స్పెక్టరు అనుకుని వాడు సెల్యూట్ కొట్టి కుర్చీ వేశాడు.

లోపల దేవితో ఫోన్లో మాట్లాడించారు, టైపు కొట్టించారు. ఆ తర్వాత ఒక మేడమ్ ఎదురుగా కూర్చుని కాయితాలు సర్దుకుంటూ, "అయామ్ అఫ్రైడ్ వియ్ కాంట్ టేక్ యు దిస్ టైమ్, దేవీ. అయామ్ సారీ" అంది. దేవి తల వంగబోయింది. వెన్ను మాత్రం అలవాటుకొద్దీ దానంతటదే నిటారైంది. ఆమె ముఖంలోకి చూస్తూ, "మే ఐ నో వై?" అంది. మేడమ్ కాయితాలు వదిలి తలెత్తింది. టైపు బాగానే ఉంది, ఇంగ్లీషులో నిదానం, అందుకే అంది. నేర్చుకుని మళ్ళీ వస్తానంది దేవి. తెలుగూ ఒడియా అయితే నిదానం లేదని కూడా చెప్పి, దణ్ణం పెట్టి బయటికొచ్చింది. మెట్ల మీద ఏడ్చేసింది.

"ఏమన్నారు? ఉన్నదున్నట్టు చెప్పు" అన్నారు మాస్టారు.

చెప్పింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. "ముందు అఫ్రైడ్, తర్వాత సారీ. మధ్యలో పేరు పెట్టి పిలిచింది. ఎంత పద్ధతిగా కాదందమ్మా" అన్నారు. నువ్వేం చేశావని అడిగారు. అదీ చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకుని, ఆమెకు వేడి పునుగుల పొట్లం కొనిచ్చారు. బండెక్కిన దగ్గర్నుంచీ ఆ మేడమ్‌ని మెచ్చుకుంటూనే ఉన్నారు. అంత నిండుగా కాదనేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారన్నారు. ఈయన్ని విజయనగరంలో దించేసి తనొక్కతే పోతే బావుణ్ణనిపించింది దేవికి. రొయ్యల వాసన అప్పుడే ముక్కుకి తగులుతున్నట్టుంది. పొందూరు వచ్చేసరికి ఆమెకు ఏడుపు కూడా రావడం మానేసింది.

మర్నాడు పొద్దున్నే నూకయ్య మాస్టారికి ఫోన్ చేశాడు. దేవి వద్దంటున్నా ఆగలేదు.

"మాస్టారూ, ఇన్నాల్లూ మా పిల్లని కుర్సీలో కూకోబెట్టి నీకు నేదు, నీకు రాదు అని సెప్పీసినారు. ఆకరికి ఆల్లూ అదే సెప్పినారు. మీకు పున్నెవుంటాది, ఇంక మా పిల్లని ఒగ్గీయండి."

"ఏటో అయామన్నాడు, ఆగిపోనాడు" అంటూ నూకయ్య ఫోన్ పెట్టేశాడు.

అప్పుడే కుళాయి దగ్గర్నుంచి వచ్చిన అమ్మడు బిందె దింపి, ఎవర్ని తిట్టావని అడిగింది. చెప్పాడు. ఆమె కొంగు నడుంకి చుట్టి గుమ్మంలో కూలబడింది. ఇన్నాళ్ళూ ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గుపడిన సంగతి అప్పుడు బయటపెట్టింది.

మాస్టారి వీధిలోనే ఒకడు స్కూటరుతో ఆమెను గుద్దేశాడు. తట్ట ఎగిరిపోయి చేపలన్నీ రోడ్డుపాలయ్యాయి. వాడు దిగి ఆమెనే తిట్టాడు. ఆమె మోకాలు చెక్కుకుపోయి కింద కూర్చునే, "తప్పయిపోనాది బాబూ" అంది. వాడు వెళ్ళిపోయాక మాస్టారు అరుగు దిగొచ్చారు. జన్మలో చేప ముట్టని మనిషి, పంచె ఎగ్గట్టి, ఒక్కొక్క చేపనూ ఏరి తట్టలో వేశారు. వేస్తూ, తప్పు నీదెలా అయిందమ్మా అని అడిగారు.

"మా నోట్లోంచి అలాగే వస్తాది బాబూ, మా పిల్లకీ అదే అలవాటు, కాదన్నోల్లకి తనే సారీ సెప్పొచ్చి ఏడుస్తాది అని ఆయనతో అన్నాను" అంది అమ్మడు. "అప్పుడన్నారు, పంపమని. ఊర్లో అందరికీ సారీ సెప్పడం నేర్పుతారు. నా కూతురికి మట్టుకు తలెత్తి సెప్పించుకోడం నేర్పుతన్నారు. నువ్వెల్లి ఆయన్ని తిట్టినావు."

దేవికి ఆ చెక్క కుర్చీ గుర్తొచ్చింది. రోజూ కొత్త వేషం వేసి కొత్తగా కాదనడానికి ఆ ముసలాయన ఎంత అవస్థ పడ్డాడో తలుచుకుంటే సిగ్గేసింది. నిన్న రైల్లో విజయనగరంలో దించేయాలనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది. నూకయ్య వల భుజాన వేసుకుని ఒడ్డుకి వెళ్ళిపోయాడు.

ఆ పల్లెలో నోటితో క్షమించమనే అలవాటు లేదు. తప్పు చేసినవాడు తన వేటలో పడ్డ మంచి చేపను తీసుకెళ్ళి అవతలివాళ్ళ గుమ్మంలో పెట్టి, వాకిట్లో కూర్చుంటాడు. ఇంటివాళ్ళు దాన్ని వండి అతనికీ పెడితే తగువు తీరినట్టు. వండకపోతే ఉన్నట్టు. నూకయ్యకు తెలిసిన పద్ధతి అదొక్కటే. మర్నాడు చెయ్యంత పొడుగు వంజరం చేపను భుజాన వేసుకుని ఆటో ఎక్కాడు. దేవీ, అమ్మడూ వెనకే ఎక్కారు. ఆళ్ళు సేప ముట్టరు నాన్నా అని దారి పొడుగునా దేవి నెత్తీనోరూ కొట్టుకుంది. "ఇది తినడానికి కాదే, తప్పుకి" అన్నాడు నూకయ్య.

ప్రసూనాంబగారు అప్పుడే పెట్టిన ముగ్గు మీద, సరిగ్గా గడపకు అడ్డంగా, వంజరం పడుకుంది. లోపల పిల్లల పాట నిషాదం దగ్గర ఆగిపోయింది. నూకయ్య భుజం మీది తువ్వాలు తీసి వాకిట్లో గొంతుక్కూర్చున్నాడు. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, చేపను చూసి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మడినీళ్ళూ, దేవుడి గదీ, వంశమూ అన్నీ ఒక్కసారి ఆవిడ కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. "ఇదేమిటమ్మా దేవీ?" అంది నీరసంగా.

దేవి తడబడుతూ తమ పద్ధతి చెప్పింది. వెనకనుంచి వచ్చిన మాస్టారు అదంతా చెవులు రిక్కించి విన్నారు.

"నోటితో ఏమీ అనరా?"

"అనరు మాస్టారూ."

"అవతలివాళ్ళూ ఏమీ అనక్కర్లేదా?"

"అక్కర్లేదు. వండి పెట్టడమే."

ఇన్నేళ్ళ తన విచారాల విద్యలో ఇంత పెద్ద సంగతి ఎలా తప్పిపోయిందా అన్నట్టు ఆయన వంజరాన్ని తేరిపార చూశారు. తర్వాత భార్యవైపు తిరిగారు.

"అలా చూడకండి" అంది ప్రసూనాంబగారు.

ఆయన చూస్తూనే ఉన్నారు. వాకిట్లో నూకయ్య తల వంచుకుని కూర్చునే ఉన్నాడు. ఎండ అతని వీపు మీదికొచ్చింది. ఆవిడకు అది చూడటం కష్టమైంది. "పులుసు నేను పెట్టిస్తాను. చేప మాత్రం నా గడప దాటకూడదు" అని లోపలికెళ్ళిపోయింది.

గోడ అవతల ఉండే గున్నమ్మ, వీళ్ళకు వాసన తగలకూడదని కిటికీలు మూసుకుని చేపలు వండుకునే మంచి మనిషి. ఆమెను పిలిచారు. ప్రసూనాంబగారు చింతపండు పిసికి, చేయి అలవాటు కొద్దీ బెల్లం ముక్కా, ఇంగువా వేసి, మరిగిన పులుసు గిన్నెను గోడ మీంచి అందించింది. గున్నమ్మ చేప కోసి అందులో వేసింది. గున్నమ్మ పెరట్లో విస్తళ్ళు పడ్డాయి. మాస్టారూ, ప్రసూనాంబగారూ గోడకి ఇవతల నిలబడ్డారు. నూకయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలకుండా ఆగాడు.

"ఎలా ఉంది నూకయ్యా?" అంది ఆవిడ ఆత్రంగా.

"బాగున్నాది తల్లీ. సాంబార్లో సేప జారిపడినట్టున్నాది" అన్నాడు. అని, గిన్నె ఊడ్చి తిన్నాడు.

మాస్టారు గోడ మీద రెండు చేతులూ ఆనించారు. "ఎందుకు కాదంటున్నానో పిల్లకి నేను ముందే చెప్పాల్సింది నూకయ్యా. చెబితే వెన్ను నిలబడదేమోనని భయపడ్డాను. తప్పు నాదీ ఉంది" అన్నారు. అన్నది తెలుగులో. ప్రసూనాంబగారు లోపలికి వెళ్తూ ఆగి, ఆయన ముఖంలోకి చూసి, కళ్ళు ఒత్తుకుంది.

దేవి ఇంకా చెయ్యి కడుక్కోలేదు. ఫోన్ మోగింది. ఎడమ చేత్తో తీసింది. ఆ కంపెనీ మేడమే. ఇంగ్లీషులో ఏదో అంటోంది. దేవి లేచి నిలబడింది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. గోడ ఇవతల నుంచి మాస్టారు వెన్ను, వెన్ను అని సైగ చేశారుగానీ అది అప్పటికే నిటారుగా ఉంది. ఆమె మెల్లగా ఒకటి రెండు మాటలంది. మధ్యలో ఏదో ఒడియాలో గబగబా చెప్పింది. మళ్ళీ ఇంగ్లీషులో థాంక్యూ అని ఫోన్ పెట్టేసింది.

"కంపెనీవాళ్ళేనా?" అన్నారు మాస్టారు.

"ఆవిడే మాస్టారూ. నన్ను తొందరపడి పంపించేసినందుకు సారీ అన్నారు. సరిహద్దు ఊళ్ళ ఫోన్లకి తెలుగూ ఒడియా వచ్చినవాళ్ళు కావాలంట. కారణం అడిగిన అమ్మాయి గుర్తుండిపోయిందంట."

మాస్టారి ముఖం వెలిగిపోయింది. "కంపెనీ సారీ చెప్పిందా? ఏ మాటల్లో? అపాలజైజ్ అందా, రిగ్రెట్ అందా? ఉన్నదున్నట్టు చెప్పు."

దేవి ఎంత ఆలోచించినా ఒక్క మాటా గుర్తురాలేదు. సంతోషంలో అంతా కొట్టుకుపోయింది. ఆ సంగతే చెప్పింది. మాస్టారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డారు.

"ఆ మాటలు ఒగ్గీయండి మాస్టారూ" అన్నాడు నూకయ్య చెయ్యి విస్తట్లోనే ఉంచి. "ఉజ్జోగం ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?"

"ఇచ్చినట్టే నాన్నా. సోమవారం రమ్మన్నారు."

అమ్మడు ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. గున్నమ్మ పెరటి కిటికీలన్నీ తీసేసింది.